తీగల ఆటయు తెలివైన ప్రశ్నయు

కంప్యూటరు ఆటలనగానే తుపాకులును, పరుగుపందెములును, నిద్ర మాని తెరముందు కూర్చుండు పిల్లలును మన తలపునకు వచ్చుట సహజమే యైనను, ఆ ఆటల గుంపులోనే ఒక మూల, శబ్దాడంబరము లేక, శత్రుసంహారము లేక, కేవలము తీగలను గేటులను కలిపి సర్క్యూట్లను నిర్మింపుమని అడుగు చిన్న కుటుంబమొకటి కలదు. 2021 అక్టోబరులో, ఇంకను పూర్తి కాకుండగనే, స్టీమ్ అంగడిలో విక్రయమునకు వచ్చిన ‘ట్యూరింగ్ కంప్లీట్’ ఈ కుటుంబమున మంచి పేరొందినది. దానిని ఆడువాడు నాండ్ గేటు నొక్కదానిని చేతబట్టుకొని బయలుదేరి, దానితో తక్కిన గేటులను, గేటులతో కూడిక యంత్రమును, పిదప జ్ఞాపకమును నిర్మించి, చిట్టచివరకు తానే ఆజ్ఞలు వ్రాసి నడుపదగిన చిన్న కంప్యూటరునకు యజమాని యగును. వెల పెట్టి కొనజాలనివారికి ‘నాండ్‌గేమ్’ అను మరియొకటి బ్రౌజరులోనే ఉచితముగా లభించును. ఈ జాతి ఆటలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1982లోనే ఆపిల్ కంప్యూటరుపై ‘రాకీస్ బూట్స్’ అను ఆట పిల్లలచేత గేటులు కలిపించెను, 1984లో ‘రోబాట్ ఒడిస్సీ’ అనునది అదే విద్యను మరింత కఠినముగా అడిగెను. అప్పటికి మన కళాశాలలలో కంప్యూటరును కన్నులార చూచినవారే తక్కువ.

ఇట్టి ఆటలను ఆడువారు ఒకరినొకరు అడుగు ప్రశ్నలను గమనించుచు వచ్చిన నాకు వానిలో ఒక చిత్రమైన క్రమము కానవచ్చినది. క్రొత్తగా మొదలుపెట్టినవాడు అడుగునది ‘ఈ ఘట్టమునకు సమాధానమేమి?’ అని. కొన్ని ఘట్టములు దాటినవాడు దానినే మార్చి, ‘నేను కట్టినది పనిచేయుచున్నది గాని, ఇంకొకరిది ఇందులో సగము గేటులతోనే ఎట్లు పూర్తియైనది?’ అనును. మరికొంత దూరము పోయినవాడు ‘ఇది ఇట్లేల ఉండవలెను? వేరు విధమున ఉండరాదా?’ అని ఆటనే నిలదీయును. మన ఇంజనీరింగు కళాశాలలలో ఇదే విషయము ‘స్విచింగ్ థియరీ అండ్ లాజిక్ డిజైన్’ అనియో ‘డిజిటల్ లాజిక్ డిజైన్’ అనియో పేరుపెట్టుకొని ఒక సెమిస్టరు పొడవునను బోధింపబడుచున్నది. కాని ఈ మూడవ జాతి ప్రశ్న అక్కడ వినబడుట మిక్కిలి అరుదు. విద్యార్థులు మందబుద్ధులని నేననను. అట్టి ప్రశ్న పుట్టుటకు వలసిన తావును మనము వారికీయకున్నామని మాత్రము గట్టిగా అందును. పాఠమునకు ముందు ఆటను నిలుపవలెననునదే నేనిచ్చట చేయు వాదము.

ఉదాహరణమునకు, ‘ఇన్ని గేటులుండగా నాండ్ గేటునే ఏల ముందిచ్చిరి?’ అను ప్రశ్నను గైకొందము. రెండు ఇన్‌పుట్లును ఒకటి యైనప్పుడు మాత్రమే సున్నను, తక్కిన మూడు సందర్భములందును ఒకటిని ఇచ్చునది నాండ్. దానితో మిగిలిన గేటులన్నిటిని కట్టవచ్చునను వాక్యమును ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరపు భౌతికశాస్త్రమున ప్రతి విద్యార్థియు వల్లించియే యుండును. రెండు మార్కులకు అంతకంటె అక్కరలేదు. ఆటలో ఆ వాక్యముతో పని జరుగదు. నాట్ గేటును కట్టుమందురు. చేతిలో నున్నది నాండ్ ఒక్కటే. దాని రెండు కాళ్లను ఒకే తీగకు తగిలించినచో పని తీరునని ఆటగాడు తానే కనుగొనును. ఆండ్‌నకు రెండు నాండ్‌లును, ఆర్‌నకు మూడును చాలునని తేల్చుకొనును. అటుపిమ్మట ఆ వాక్యమును ఎవరైన చెప్పినను చెప్పకున్నను అతనికి ఒకటే. ఈ సత్యమును హెన్రీ షెఫర్ అను అమెరికా తార్కికుడు 1913లో ప్రకటించెను. అంతకు ముప్పదేండ్లకు పూర్వమే చార్లెస్ పియర్స్ దానిని కనుగొని వ్రాసికొనియు, ప్రకటింపకయే విడిచెను. ట్రాన్సిస్టరన్నది పుట్టకముందు శుద్ధతర్కముగా తేలిన ఈ సంగతి సిలికానునకును అనుకూలముగానే యున్నది: నేటి సీమాస్ చిప్పులలో నాండ్ నాలుగు ట్రాన్సిస్టర్లతో పూర్తియగును, ఆండ్‌నకు ఆరు కావలయును. నాండ్‌నకు బదులు నార్‌తో మొదలుపెట్టినను చెల్లును. మనుష్యులను చంద్రునికడకు గొనిపోయిన అపోలో నౌకలోని మార్గదర్శక కంప్యూటరు నార్ గేటులతోనే నిర్మింపబడినది. కావున ‘నాండ్ ఏల?’ యని అడిగిన ఆటగానికి నేనైనచో ‘నార్‌తో కట్టి చూచి రమ్ము’ అనియే చెప్పుదును.

గేటుల లెక్కను గూర్చిన ప్రశ్న ఇంతకంటె లోతైనది. ఆటగాండ్రు దానిమీద రాత్రులు గడుపుదురు, గడుపుటయు న్యాయమే. ఎక్సార్ గేటును కట్టుమన్నప్పుడు, ‘రెంటిలో నేదైన ఒకటి యుండవలెను, రెండును ఉండరాదు’ అను అర్థమును ఉన్నదున్నట్లు తీగలలోనికి దింపినచో, ఆర్‌నకు మూడు, నాండ్‌నకు ఒకటి, ఆ రెంటిని కలుపు ఆండ్‌నకు రెండు, వెరసి 6 నాండ్‌లగును. కూడికలో పై స్థానమునకు పోవు క్యారీకై మరియొక ఆండ్‌ను చేర్చగా, రెండు బిట్లను కూడు హాఫ్ ఆడర్‌నకు 8. అట్టివి రెంటిని పెట్టి, వాని క్యారీలను ఒక ఆర్‌తో కలిపినచో, మూడు బిట్లను కూడు ఫుల్ ఆడర్ 19 నాండ్‌లతో సిద్ధమగును. అది పనిచేయును, ఆట సంతసించి తరువాతి ఘట్టమును తెరచును. కాని అదే పని 9 నాండ్‌లతో తీరునని చెవిని పడిన క్షణమునుండి ఆటగానికి నెమ్మది యుండదు.

ఆ తొమ్మిది ఎక్కడినుండి వచ్చినవి? ఎక్సార్‌ను నాలుగింటితోనే కట్టు ఉపాయమొకటి కలదు. రెండు ఇన్‌పుట్లను ఒక నాండ్‌నకిచ్చి, దాని ఫలితమును మొదటి ఇన్‌పుట్‌తో జతచేసి ఒక నాండ్‌నకును, రెండవ ఇన్‌పుట్‌తో జతచేసి మరియొక నాండ్‌నకును తగిలించి, ఆ రెంటి ఫలితములను నాలుగవ నాండ్‌నకు ఈయవలెను. ఇందు మొదటి నాండ్ ఇచ్చునది క్యారీకి సరిగా విలోమము. దానిని మరువక చేతనుంచుకొన్న యెడల, రెండు ఎక్సార్‌లలోను పుట్టిన అట్టి రెండు విలోమములను ఒక్క నాండ్‌నకు తగిలించినంతనే అసలు క్యారీ బయటపడును. నాలుగును నాలుగును ఒకటియు తొమ్మిది. ఆండ్ గేటు నడుగలేదు, ఆర్ గేటు నడుగలేదు. ఒక పనికై కట్టినదానిలోనే వేరొక పనికి వలసినది దాగియున్నదని గుర్తించుట తప్ప ఇందు వేరు మాయ లేదు. ఎనిమిది బిట్ల కూడిక యంత్రమునందు ఈ గుర్తింపు 152 నాండ్‌లను 72కు దింపును.

మన పరీక్షలలో సర్క్యూట్లను కుదించుటకు నేర్పు పద్ధతి కార్నా పటము. బెల్ ల్యాబొరేటరీలలో పనిచేసిన మారిస్ కార్నా 1953లో ప్రకటించిన ఆ పటము మంచి సాధనమే. గళ్లలోని ఒకట్లను జంటలుగాను నాలుగేసిగాను చుట్టబెట్టి సమాసమును కుదించుటలో ఒక ఆనందమును కలదు. అయితే ఫుల్ ఆడర్ మొత్తమును ఆ పటమున వేసి చూచినచో, ఒకట్లు చదరంగపు బల్లపై నల్లగళ్లవలె ఒకదాని ప్రక్క నొకటి రాక నిలుచును. చుట్టబెట్టుటకు ఒక్క జంటయు దొరకదు. పటము అక్కడ చేతులెత్తివేయును. పైగా విద్యార్థి మొత్తమునకొక పటమును, క్యారీకొక పటమును వేరువేరుగా వేయునే గాని, ఆ రెంటికి నడుమ పంచుకొనదగిన తునక యేమైన కలదా యని వెదకు అలవాటును ఆ అభ్యాసము నేర్పదు. పరీక్షకై చదివినవాడు పటము చెప్పినంతవరకు పోయి ఆగును. ఆటగాడు పటమును గూర్చి వినియుండని కారణముచేతనే దానిని దాటిపోవును. ఇరువురికిని రెండును కావలసినవే. కాని వరుస మార్చినచో ఫలితము మారుననుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము నాకు దొరకలేదు.

తక్కువ గేటులున్నదే ఎల్లప్పుడును గొప్పదా యని అడుగువారికి ఆట వేరొక లెక్కను చూపును. అది జాగు. ప్రతి గేటును ఫలితము వెలువరించుటకు కొంత కాలమును గైకొనును. ఎనిమిది ఫుల్ ఆడర్లను వరుసగా పేర్చినప్పుడు ఎనిమిదవది ఏడవదాని క్యారీకై, ఏడవది ఆరవదాని క్యారీకై కాచుకొనియుండవలెను. ఈ నిరీక్షణమును తగ్గింపగోరినచో క్యారీని ముందుగనే లెక్కించు అదనపు గేటులు కావలయును. అనగా శ్రమపడి తగ్గించిన సంఖ్య మరల పెరుగును. ఇది ఎలక్ట్రానిక్సుతో పుట్టిన చిక్కు కాదు. ఇత్తడి పండ్లచక్రములతో గణనయంత్రమును తలపెట్టిన చార్లెస్ బాబేజి 19వ శతాబ్దముననే ఈ క్యారీ నిరీక్షణముతో పెనుగులాడి, దానిని ముందుగా ఊహించు యంత్రాంగమును రూపొందించెను. ‘ఉత్తమమైన సర్క్యూట్ ఏది?’ యనువానిని ‘దేనికి ఉత్తమము?’ అని ఎదురడుగక ఉత్తరమీయరాదు. అంకెలు పేర్చి ఆటగాండ్రకు ర్యాంకులు కట్టు పట్టికలు ఈ వివేకమును కొంత చెరచుచున్నవని నా ఫిర్యాదు. ర్యాంకుల రుచిని మన పిల్లలు ఇంటర్మీడియెట్‌లోనే తగినంత మరిగియున్నారు.

అన్ని ప్రశ్నలలోను నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది, తీగను వెనుకకు త్రిప్పినప్పుడు పుట్టునది. ఒక గేటు ఫలితమును తెచ్చి ఆ గేటు ఇన్‌పుట్‌నకే తగిలించినంతనే ‘ట్యూరింగ్ కంప్లీట్’ తన నడక నాపి, ఇది తననే ఆధారముగా గొన్న వలయమని అభ్యంతరము చెప్పును; ఆ దోషము పేరిట ఆటలో ఒక ఘట్టమే కలదు. ఆటగాడు కలవరపడి అడుగును: ‘నిజమైన కంప్యూటరులో రిజిస్టర్లన్నియు ఇట్టి వలయములతోనే కట్టబడినవని చదివితిని గదా, ఆట దానిని తప్పనుటేల?’ చక్కని ప్రశ్న. నాట్ గేటు ఫలితమును దానికే త్రిప్పి ఇచ్చినచో, ఫలితము ఒకటియైన యెడల సున్న కావలెను, సున్నయైన యెడల ఒకటి కావలెను. కాలమన్నది లేని తర్కమున ఇది పచ్చి వైరుధ్యము. కాలమును లోనికి రానిచ్చినచో అదే వైరుధ్యము ఊగిసలాటగా మారును; బేసి సంఖ్యలో నాట్ గేటులను వలయముగా కట్టి, ఆ ఊగిసలాటనే తాళముగా వాడుకొనుట చిప్పులలో వాడుకయందున్న పద్ధతియే. రెండు నాండ్ గేటులను ఒకదాని ఫలితము మరొకదానికి పోవునట్లు పరస్పరము ముడివేసినచో మాత్రము వైరుధ్యమును లేదు, ఊగిసలాటయు లేదు. స్థిరమైన స్థితులు రెండు కలవు. ఏ స్థితిలో పెట్టితిమో, తీగలను మరల కదలించువరకు ఆ స్థితిలోనే నిలిచియుండును. ఒక బిట్టు జ్ఞాపకమనగా ఇంతే. ఎకిల్స్, జోర్డాన్ అను ఇరువురు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు రెండు వాక్యూమ్ ట్యూబులను ఇట్లే ముడివేసి 1918లో పేటెంటు కోరిరి. కంప్యూటరన్న యంత్రము అప్పటికింకను లేదు.

మరి ఆట దీనినేల నిరాకరించును? ఆటలోని లెక్క గేటులను ఒక వరుసలో నిలిపి, ముందుదానిని తేల్చి పిదపదానిని తేల్చు పద్ధతిన సాగును. వలయమున ముందేదో వెనుకేదో తేలదు. కావున ఆట జాగుచేయు పరికరమొకదానిని చేతికిచ్చి, ఈ క్షణమున లోనికి పోయినది మరుక్షణమున బయటికి వచ్చునట్లు ఏర్పరచి, వలయమును కాలముతో తెంచుమనును. ఇది మోసమని గొణుగు ఆటగాండ్రున్నారు. నేను వారితో ఏకీభవింపను. గడియ తాళమునకు నడచు ప్రాసెసరులను రూపొందించు ఇంజనీర్లును ఇంచుమించుగా ఈ నియమమునే పాటింతురు. ఒక బిట్టును మరుసటి తాళమువరకు పట్టియుంచు ఫ్లిప్‌ఫ్లాప్ అడ్డుపడని వలయమును వారి సాఫ్ట్‌వేరును దోషముగానే ఎత్తిచూపును. ఆట నిరాకరించినందుననే ఆటగాడు కాలమును గూర్చి ఆలోచింపవలసి వచ్చినది. మన తరగతిలో ఫ్లిప్‌ఫ్లాప్ పాఠము దాని పటముతో, పట్టికతో, నాలుగు రకముల పేర్లతో సిద్ధముగా దిగివచ్చును. ఆ వస్తువు లేకున్న ఏమి చెడునో తెలియకముందే అది విద్యార్థి నోటుబుక్కులో చేరిపోవును.

కొన్ని ప్రశ్నలకు ఇంత చర్చ అక్కరలేదు. మైనస్ ఐదు 251 ఎట్లగునని తికమకపడువాడు 5ను 251ని ఎనిమిది బిట్ల యంత్రముచేత కూడించి చూడవలెను. 256 వచ్చి, తొమ్మిదవ బిట్టునకు చోటులేక జారిపోయి, సున్న మిగులును. ఐదుతో కూడి సున్న యగునది మైనస్ ఐదు కాక మరేమి? బిట్లను తలక్రిందులు చేసి ఒకటి కలుపుమను సూత్రము దీని పర్యవసానమే. ఒకే తీగకు రెండు గేటుల ఫలితములను తగిలింపరాదేలయనగా, ఒకటి సున్న యనియు మరొకటి ఒకటి యనియు పలికినప్పుడు తీగ ఎవరి మాట వినవలెను? నిజమైన చిప్పులో ఆ వివాదము వేడిగా పరిణమించును. ‘ట్యూరింగ్ కంప్లీట్’లో మొదట కట్టు ‘ఓవర్చర్’ అను యంత్రమున 63కంటె పెద్ద సంఖ్యను నేరుగా పెట్టలేమని విసుగుకొనువారును కలరు. అందు ఆజ్ఞ ఒక్కొక్కటి 8 బిట్లది. రెండు బిట్లు ఆజ్ఞ జాతిని తెలుపుటకు పోగా సంఖ్యకు 6 మాత్రమే మిగులును. నూరు కావలెనన్న యేబదిని పెట్టి, రెండు రిజిస్టర్లలోనికి కాపీచేసి, కూడుకొనవలెను. దీనిని ఆట చేసిన కృత్రిమమని తోసివేయరాదు. రిస్క్-ఫైవ్ ప్రాసెసరులందును 32 బిట్ల సంఖ్య 32 బిట్ల ఆజ్ఞలో ఇమడనందున, 20 బిట్లు ఒక ఆజ్ఞతోను 12 బిట్లు మరియొక ఆజ్ఞతోను రెండు విడతలుగా తేవలసివచ్చుచున్నది. ఇక ఈ యంత్రము ట్యూరింగ్ 1936లో ఊహించినదానికి నిజముగా సమానమా యని పట్టుపట్టు తార్కికుడొకడు ఎప్పుడును ఉండును. ఆ ఊహకు అంతులేని టేపు కావలయును గనుక, మన బల్లలపైనున్న కంప్యూటరు లేవియు ఆ కొలతకు తూగవని చెప్పి ఆయనను సంతృప్తిపరుపవచ్చును.

గణితము రానివారు, ఇంజనీరింగు చదువనివారు దీనిని ఆడగలరా యని జంకువారి సంఖ్య తక్కువ కాదు. కూడిక వచ్చిన చాలును. జార్జి బూల్ 1854లో ఆలోచనా నియమములను గూర్చిన తన గ్రంథమును ప్రకటించినప్పుడు అది స్విచ్చులకు పనికివచ్చునని ఎవరును తలపలేదు, 1937లో ఎం.ఐ.టి.లో ఇరువదియొకటేండ్ల క్లాడ్ షానన్ తన మాస్టర్స్ వ్యాసమున, ఆ బీజగణితము రిలేలకును స్విచ్చులకును సరిగా అమరునని చూపెను. అంతకు ముందు టెలిఫోను ఎక్స్ఛేంజీలు లేకపోలేదు. వానిని కట్టినవారు అధికభాగము అనుభవమును నేర్పును నమ్ముకొని కట్టిరి. చేయి ముందు నడచినది, సూత్రము వెనుక వచ్చినది. ఎనిమిదవ తరగతి పిల్లలకు నాండ్‌గేమ్ మొదటి ఘట్టములు అసాధ్యములు కావు. మాటిమాటికి ‘పరీక్షకు వచ్చునా?’ యని అడుగు అలవాటు పడకమునుపే వారు ఆడుట మేలు.

ఇక సమాధానము చూడవచ్చునా యను పాత ప్రశ్న. చూచుట పాపము కాదు గాని, చూచినది ఏల పనిచేయుచున్నదో తీగ తీగకు చెప్పుకొనలేనంతవరకు తరువాతి ఘట్టమును తెరువరాదు. ఆటయే ఇందుకు శిక్ష విధించును: ఫుల్ ఆడర్‌ను అర్థము కాకయే దించుకొన్నవాడు, తీసివేతను గణనయంత్రమును కట్టవలసినచోట చిక్కుకొని తీరును. కళాశాలలో ఈ శిక్ష లేదు. చాల చోట్ల ల్యాబ్ రికార్డు సీనియర్ రికార్డును చూచి వ్రాయబడును. ట్రూత్ టేబుల్ ప్రయోగమునకు ముందే నిండియుండును. ట్రెయినర్ కిట్టుపై ఎల్‌ఈడీ వెలిగినను వెలుగకున్నను, ఫలితము సరిచూడబడినదను వాక్యము క్రింద సంతకము పడును. ఒక్కొక్క కిట్టునకు నలుగురు విద్యార్థులు. అందు తీగ ముట్టువాడొకడు, చూచువారు ముగ్గురు. చిప్పు కాలినచో జరిమానా కట్టవలెనను భయమొకటి. ఇట్టి ఏర్పాటులో తప్పు చేయుటకు చోటేది? తప్పు చేయనివానికి ‘ఏల?’ అను మాట ఎట్లు పుట్టును? ఆటలో తప్పునకు వెల లేదు. ఏ ఇన్‌పుట్‌నకు ఏ ఫలితము రావలసియుండగా ఏమి వచ్చినదో అది చూపును. ఏల వచ్చినదో చెప్పక ఊరకుండును. మంచి అధ్యాపకుడును చాలసార్లు అంతే చేయును.

అయినను మెప్పులో మితి తప్పరాదు. ఆటలోని తీగ ఎన్నడును వదులు కాదు. అందలి గేటు వేడెక్కదు. అందు తగిలింపక విడిచిన ఇన్‌పుట్ సాధారణముగా సున్నగా లెక్కింపబడును. నిజమైన టీటీఎల్ చిప్పులో అట్టి కాలు ఒకటిగా చదువబడును, సీమాస్ చిప్పులో ఏమగునో ముందుగా చెప్పరాదు. తొమ్మిది నాండ్‌ల ఫుల్ ఆడర్‌ను బ్రెడ్‌బోర్డుపై కట్టవలెనన్న, నాలుగేసి గేటులున్న 7400 చిప్పులు మూడు తెచ్చి, ఒక్కొక్కదాని 7వ కాలికి గ్రౌండును, 14వ కాలికి ఐదు వోల్టులును మరువక ఇచ్చి, రంగురంగుల తీగలలో ఏది ఊడినదో వ్రేలితో తడవి కనుగొనవలెను. ఈ విద్యను ఏ ఆటయు నేర్పజాలదు. ఆటతో ల్యాబును తీసివేయవచ్చునని తలచువారికి — కిట్టుల వ్యయము తప్పును గనుక కొన్ని యాజమాన్యములకు ఈ తలపు తియ్యగా తోచవచ్చును — నేను పూర్తిగా విరోధిని.

ఇశ్రాయేలు ఆచార్యులైన నోమ్ నిసాన్, షిమోన్ షోకెన్ అనువారు 2005లో ప్రచురించిన పాఠ్యగ్రంథము నాండ్ గేటుతో మొదలై, విద్యార్థి తన కంప్యూటరును తానే అంతస్తు మీద అంతస్తుగా కట్టుకొనునట్లు నడిపించును. నాండ్‌గేమ్‌నకు ప్రేరణ ఆ పాఠక్రమమే. మనకు అంత మార్పు ఒకేసారి సాధ్యము కాకపోవచ్చును. హైదరాబాదులో క్వాల్‌కామ్, ఏఎండీ వంటి సంస్థల చిప్ డిజైన్ కేంద్రములుండగా, వానిలో ఉద్యోగము కోరు మన పిల్లలనేకులు పట్టా చేతికి వచ్చిన పిదప వీఎల్‌ఎస్‌ఐ శిక్షణాలయములకు వేరుగా రుసుము చెల్లించి, మరల ఫ్లిప్‌ఫ్లాప్ దగ్గరినుండియే ఆరంభించుట చూచుచున్నాము. సెమిస్టరు తొలి రెండు వారములు పాఠము చెప్పక, కంప్యూటరు ల్యాబులో నాండ్‌గేమ్ తెరచి, కూడిక యంత్రమువరకు విద్యార్థులను తమంత తాము పోనిచ్చుట ఏ విశ్వవిద్యాలయపు అనుమతియు అక్కరలేని పని. ఆంగ్లముతో బెదరువారికి ఆటలోని నాలుగు సూచనలను అధ్యాపకుడు తెలుగున చెప్పిన చాలును. తీగకు భాష లేదు. దీనికి మార్కులు మాత్రము పెట్టకుడు. మార్కులు పెట్టిన మరువారమే సమాధానములన్నియు కళాశాల ముందరి జిరాక్సు అంగడిలో అమ్మకమునకు వచ్చును. రెండు వారముల తుదిని ప్రతి విద్యార్థియు తనకు తోచిన ఒక ప్రశ్నను వ్రాసి తేవలెను. మొదటి పాఠము ఆ కాగితములనుండి మొదలుకావలెను.

అధ్యాపకులు చేయువరకు తల్లిదండ్రులు వేచియుండ నక్కరలేదు. ఇంటర్ ముగించి ఎలక్ట్రానిక్సులోనో కంప్యూటర్సులోనో చేరబోవు పిల్లలు ఇంట నున్నచో, బ్రిడ్జి కోర్సునకు రుసుము కట్టుటకు ముందు ఒక వారము వారిని ఈ ఆట ఆడనీయుడు. ఆ వారము తెరముందు కూర్చున్నారని కసరకుడు.